బలం మందులు – నెత్తుటి లెక్కలు

తెనాలిలో కాలువ గట్టునకు దాపుననున్న మా మేనత్తగారి యింట, వంటగదికిని పూజగదికిని నడుమ గోడ అలమరలో, ఒకప్పుడు బిస్కట్లు వచ్చిన పాత రేకు డబ్బా ఒకటి కలదు. ఆ డబ్బాలో ఏమున్నదో మొన్నటి చలికాలము వరకు మాలో ఎవ్వరును ఎరుగరు; ఎరుగకపోవుటకు కారణము ఆమె దాచుట కాదు, మేమెన్నడు నడుగకపోవుట. ముప్పదియేండ్లు బడిలో లెక్కలు చెప్పి, ఎన్నడును కూడికలో తప్పు చేయని ఆ యిల్లాలు, కార్తికమాసము వెళ్ళునప్పటికి మాటలు తడబడసాగి, పగలెల్ల మగతగా పడియుండి, రాత్రివేళ నాలుగైదు మార్లు దాహమని లేచి, వారమునకొకసారియైనను విరేచనము కాక బాధపడుచుండగా, మేమందఱమును దానికి వార్ధక్యమని పేరు పెట్టి ఊరకుంటిమి. ఆ మాట తలచుకొన్నప్పుడు నాకిప్పటికిని సిగ్గు కలుగుచున్నది.

ఆసుపత్రిలో నెత్తురు పరీక్షించిన కాగితము వచ్చినప్పుడు, అందు కాల్షియమను మాటకెదురుగా 13.2 అను సంఖ్య నల్లని దిట్టపు అక్షరములలో అచ్చుపడి యుండెను. డెసిలీటరు నెత్తుటిలో 8.5 మొదలు 10.5 మిల్లీగ్రాముల వరకు ఉండదగిన వస్తువది. ఆ సంఖ్యను చూచిన పెద్ద వైద్యుడు, ఎముకలలో ఏదేని రాచపుండు పుట్టినదేమో యనియు, కంఠమునందలి పారాథైరాయిడు గ్రంథి పెరిగినదేమో యనియు శంకించి – ఆ శంకలు రెండును శాస్త్రసమ్మతములే – వరుసగా స్కానింగులు వ్రాసెను. నాలుగు దినములు గడచెను. అయిదవనాడు, అప్పుడే చదువు ముగించి హౌస్‌సర్జనుగా చేరిన యొక బాలిక మంచము ప్రక్క స్టూలు మీద కూర్చుండి, "బామ్మగారూ, ఇంట్లో ఏమేం మందులు వేసుకుంటున్నారు?" అని యడిగినది.

"మందులేమీ లేవమ్మా. బలానికి పాలల్లో ఓ పొట్లం కలుపుకుంటున్నా, అంతే."

"రోజూనా?"

"రోజూనే. పాలు రోజూ తాగుతాంగా!"

రేకు డబ్బా ఆ సాయంకాలమే ఆసుపత్రికి వచ్చినది. అందులో కత్తెరతో మూల కత్తిరించి, లోనిదంతయు పాలలో వంపి, దేనినైనను పారవేయనొల్లని స్వభావము చేత మరల నొద్దికగా మడచి రబ్బరుపట్టీతో కట్టలు కట్టిన కాగితపు పొట్లములు డెబ్బదికి పైగా నుండెను. ఒక్కొక్క పొట్లము 60,000 యూనిట్ల విటమిన్ డి. మోకాళ్ళ నొప్పులకని ఎవరో వైద్యుడు వారమునకొకటి చొప్పున ఎనిమిది వారములు వాడుమని వ్రాసియుండగా, ఆ వ్రాతలోని వారము మందుల దుకాణమునకును ఇంటికిని నడుమ ఎక్కడనో జారిపోయినది. పొట్లములతో పాటు పూటకొక కాల్షియము బిళ్ళ. జుట్టు రాలకుండుటకు మనుమరాలు తెచ్చియిచ్చిన గుళిక. కరోనా నాటినుండి మానకయున్న జింకు మాత్ర. ఇవి యన్నియు ఆమె దృష్టిలో మందులు కావు, బలము. మన భాషలో "బలం మందు" అను మాట యెంత యాదరముతో పుట్టినదో గాని, ఆ మాటలో మందు అను సగమును మనము వినుటయే మానివేసితిమి.

నెత్తుటి పరీక్ష అనగానే, శరీరములోని నిలువలన్నియు లెక్కించి చూపు జమాఖర్చు పుస్తకమని సామాన్యముగా తలంతుము. అది యట్టిది కాదు. కృష్ణా కాలువలు చూచినవారికి ఈ సంగతి తేలికగా బోధపడును. బరాజు వెనుక నీరెంత నిలిచియున్నదో కాలువ లాకు గోడమీది కొలబద్ద చెప్పదు. ఆ గడియలో ఆ చోట కాలువలో ఎంత లోతు పాఱుచున్నదో మాత్రము చెప్పును. మన దేహములోని కాల్షియములో నూటికి 99 వంతులు ఎముకలలోను దంతములలోను నిలిచియుండగా, నెత్తుటిలో నున్నది అత్యల్పము. ఆ యత్యల్పమునే కంఠములోని గోధుమగింజలంతేసి నాలుగు గ్రంథులు, మూత్రపిండములు, ప్రేగులు కలిసి, లాకు తలుపులెత్తుచు దించుచు, రేయింబవళ్ళు ఒక్క మట్టమున నిలుపుచుండును. కావుననే ఎముకలు గుల్లవారిన వృద్ధురాలి నెత్తుటిలో సయితము కాల్షియము సరిగానే కనబడవచ్చును; ఎక్కువ సున్నము తిన్నవానికిని చాలకాలము సరిగానే కనబడవచ్చును. ఆ మట్టము దాటి సంఖ్య పైకి లేచినదనగా, తలుపులు మూయువారి చేతులు ఓడిపోయినవని అర్థము.

విటమిన్ డి ప్రేగునుండి కాల్షియమును నెత్తుటిలోనికి పిలుచునది. మిగిలిన కొన్ని విటమినులవలె మూత్రములో కొట్టుకొనిపోక, క్రొవ్వులో నిలిచియుండును. మా యత్తగారి దేహమున దాదాపు 45 లక్షల యూనిట్లు చేరినవని ఆ బాలిక కాగితము మీద హెచ్చవేసి చూపినప్పుడు, ఆ హెచ్చవేతను సరిచూచినది కూడ మంచము మీది అత్తగారే.

ఇట్టి వ్యాధి క్రొత్తది కాదు. 1915లో షికాగో వైద్యుడు బెర్‌ట్రమ్ సిప్పీ కడుపులోని పుండునకు గంటగంటకును పాలు, మీగడ, వానితో పాటు క్షారపు పొడులు ఇచ్చు పద్ధతిని ప్రకటింపగా, అది దేశదేశముల వ్యాపించినది. పుండు మానుచుండెను గాని, కొందఱు రోగులు తలనొప్పి, వాంతులు, మతిభ్రమతో పడిపోవుచుండిరి. 1923లో హార్డ్ట్, రివర్స్ అను వైద్యులు ఆ విషలక్షణములను వ్రాసిరి. 1949లో బర్నెట్ మొదలగువారు దీర్ఘకాలము పాలును క్షారమును సేవించినవారిలో నెత్తుటి కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడుటను వర్ణించిరి. తరువాత అల్సరుకు మంచి మందులు వచ్చుటచే ఆ వ్యాధి దాదాపు మాసిపోయినది. మాసిపోయినదనుకొన్నది ఇటీవలి దశాబ్దులలో మరల తలయెత్తినది. ఈసారి పాల వలన కాదు, ఎముకల బలమునకని వాడు కాల్షియము కార్బొనేటు బిళ్ళల వలన, విటమిన్ డి వలన. ఒకనాడు పురుషుల అల్సరు జబ్బుతో వచ్చినది, నేడు ఎక్కువగా వయసు మళ్ళిన స్త్రీల యలమరలలోనుండి వచ్చుచున్నది.

నెత్తుటి కొలతల సందర్భమున ఒక తెలుగువాని పేరు తలంపక పోజాలను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి, నెత్తుటిలోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. మాలిబ్డేటుతో కూడిన భాస్వరము తగిన రసాయనము తగులగానే నీలివర్ణము దాల్చును. భాస్వరమెంత ఎక్కువయో నీలిమ అంత చిక్కన. ఆ నీలిమను కొలిచి సంఖ్య చెప్పుటయే ఆ పద్ధతి. దశాబ్దముల కొలది లోకమందలి ప్రయోగశాలలెన్నో ఆ దారినే నడచినవి. జీవరసాయన విద్యార్థులు నేటికిని ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యని ఆ పేరుననే చదువుచున్నారు. ఎంత సూక్ష్మమైన పద్ధతియైనను, దానికొక మేర యున్నది. ఆ నీలిమకు భాస్వరమెంత యున్నదో తెలియును గాని, అది ఎచ్చటినుండి వచ్చినదో తెలియదు. అన్నము వలన వచ్చినదో, విటమిన్ డి పొట్లము పిలిచినందున వచ్చినదో, లేక భోజనముతో మ్రింగిన కాల్షియము బిళ్ళ ప్రేగులోనే భాస్వరమును పట్టి నిలిపినందున తఱిగినదో, పరీక్షనాళిక చెప్పదు. చెప్పవలసినవాడు నెత్తురిచ్చినవాడే. ఈ వ్యాసములో నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే. తక్కినవి దానికి నిదర్శనములు.

ఇనుము సంగతి చూడుడు. మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనలని అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే తెలిపినది. గర్భిణులకు ఆరోగ్య కేంద్రములలో ఇచ్చు ఎఱ్ఱని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. (ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడును సుబ్బారావుగారే, మన పల్లెల ఆశా కార్యకర్త చేతి సంచిలో నిత్యమును ఆయన స్మృతి నడచుచున్నది.) అయితే, ఎఱ్ఱకణములలోనిది గాక, నెత్తుటి ద్రవములో ఒక్క క్షణమున ప్రవహించు ఇనుమంతయు కూడినను మూడు నాలుగు మిల్లీగ్రాములకు మించదు. అంత సన్నని ప్రవాహములోనికి 60 మిల్లీగ్రాముల మాత్ర దిగినప్పుడు, అందులో కొద్దిభాగమే ప్రేగు గ్రహించినను, కొన్ని గంటలపాటు ప్రవాహము పొంగును. ఉదయము ఏడు గంటలకు మాత్ర వేసికొని పదింటికి నెత్తురిచ్చిన పిల్లకు "సీరం ఐరన్" నిండుగా కనబడును. నిండుగానున్నదని మాత్ర మాన్పించినయెడల, ఆ పిల్ల పాలిపోయిన పెదవులతోనే ఇల్లు చేరును. నిలువ ఎంతయో తెలుపునది ఫెరిటిన్ అను మఱియొక పరీక్ష. నిన్నటి మాత్రకది చలింపదు, కాని జ్వరము గాని వాపు గాని యున్నప్పుడు తనంతట తాను పెరుగును. కావున ఈ రెండింటిని హిమోగ్లోబినుతో కలిపి చదువనేర్చిన కన్ను కావలయును. ఇది చదివి గర్భిణులెవ్వరును మాత్ర మానరాదని చేతులు జోడించి వేడుచున్నాను. చేయవలసినది ఆనాటి మాత్రను నెత్తురిచ్చిన పిదప వేసికొనుట, వేసికొని యున్నచో గంటతో సహా చెప్పుట.

జింకు కథ ఇంతకంటె సూక్ష్మము. అది తన సంఖ్యను పెంచుటతో పోక, ఇంకొకదాని సంఖ్యను దించును. 2020, 2021 సంవత్సరములలో జింకు మాత్రల అట్ట లేని యిల్లు మన పట్టణములలో అరుదు. పది పదునాలుగు దినములు వాడినవారికి చిక్కు లేదు. విరేచనములైన పసివారికి 20 మిల్లీగ్రాముల జింకు 14 దినములు ఇచ్చుట ప్రాణము నిలుపు చికిత్స. చిక్కు మానక వాడుటలో నున్నది. నెలల తరబడి ఎక్కువ జింకు దిగినప్పుడు, ప్రేగు గోడలోని కణములు మెటలోథయోనీన్ అను ప్రోటీనును హెచ్చుగా తయారుచేయును. ఆ ప్రోటీనునకు జింకుకంటె రాగి మీద మక్కువ యెక్కువ. అది రాగిని పట్టుకొని విడువదు. కొన్ని దినములకు ఆ కణములు రాలిపోవునప్పుడు రాగియు వానితో పాటు మలములో పోవును. రాగి లేనిదే ఇనుము తన చోటికి కదలలేదు. నెత్తురు తఱుగును, తెల్లకణములు తఱుగును, ముదిరినచో వెన్నుపాము దెబ్బతిని, నడక తూలును. హిమోగ్లోబిను తక్కువయని ఇనుము మీద ఇనుము పోసినను లేవదు. కట్టుడుపళ్ళు అంటించుకొను జిగురులోని జింకు వలననే కొందఱికిట్లు నడక పోయినదని 2008లో అమెరికా వైద్యులు వ్రాసినప్పుడు లోకము విస్తుపోయినది. ఇదే గుణమును వైద్యులు మేలునకును వాడుదురు: విల్సన్ వ్యాధిలో ఒంట రాగి పేరుకొన్నవారికి జింకు ఔషధము. ఔషధమే యని యొప్పుకొనుట యిచ్చటనే మొదలు కావలయును.

ఇంతవరకు చెప్పినవి నిజముగా నెత్తుటిలో జరుగు మార్పులు. నెత్తుటిలో ఏమియు మారకయే కాగితము మీది సంఖ్య మాఱుట మఱియొకటి కలదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఇదియే. జుట్టునకు, గోళ్ళకు మేలని అమ్ముడుపోవు గుళికలలో బయోటిన్ అను విటమిన్ ఉండును. దినమునకు 30 మైక్రోగ్రాములు చాలునన్నది పెద్దల లెక్క. గుళికలో 5,000, 10,000 మైక్రోగ్రాములుండును. హార్మోనులను, ఫెరిటినును కొలుచు యంత్రములలో అనేకము బయోటిన్‌కును స్ట్రెప్టావిడిన్ అను ప్రోటీనునకును గల విడరాని పట్టును ఆధారము చేసికొన్నవి. కొలువవలసిన వస్తువును పట్టుకొని, బయోటిన్ తోకగల ప్రతిరక్షకము వచ్చి స్ట్రెప్టావిడిన్ ఒడిలో కూర్చుండవలయును. ఎందఱు కూర్చుండిరో లెక్కింతురు. పెండ్లి పంక్తిలో విస్తళ్ళు వేసి బంధువులను పిలుచునంతలో, త్రోవన పోవువారు వచ్చి కూర్చున్నట్లు, నెత్తుటిలో నిండిన బయోటిన్ ఆ విస్తళ్ళన్నిటిని ముందే యాక్రమించును. పిలువబడిన బంధువులు నిలువబడియే వెనుదిరుగుదురు. అప్పుడు ఫెరిటిన్ తక్కువైనట్లును, పారాథైరాయిడు హార్మోను తఱిగినట్లును కనబడును. విటమిన్ డి వంటి వానిని మఱియొక రీతిని కొలుచు యంత్రములలో ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును. గుండె దెబ్బతిన్నదని తెలుపవలసిన ట్రోపోనిన్ సంఖ్య ఇట్లే తక్కువగా చూపగా ఒక రోగి మరణించెనని అమెరికా ఆహారౌషధ సంస్థ 2017 నవంబరులో ప్రకటించి, వైద్యులను ప్రయోగశాలలను హెచ్చరించినది. మా యత్తగారి పారాథైరాయిడు సంఖ్యను చదువుటకు ముందు, ఆ హౌస్‌సర్జను బాలిక మనుమరాలి గుళికను రెండు దినములు మాన్పించి మరల నెత్తురు తీయించినది. ఆ వివేకమునకు నేను జన్మాంతము వఱకు ఋణపడి యుందును.

పొటాషియము గూర్చి రెండు మాటలు. రక్తపోటునకు మంచిదని కొనెడి తక్కువ సోడియము ఉప్పులో, తీసివేసిన సోడియమునకు మాఱు పొటాషియము క్లోరైడు చేర్తురు. ఆరోగ్యవంతుని మూత్రపిండములు దానిని విసర్జించును. మూత్రపిండములు నీరసించినవాడు, లేక రక్తపోటునకు పొటాషియమును నిలుపు జాతి మాత్రలు వాడువాడు ఆ యుప్పు తినినచో, 5 దాటరాని సంఖ్య 6, 7లకు చేరి గుండె లయ తప్పును. ఉప్పు మార్చితినని వైద్యునితో చెప్పవలెనని ఎవరికి తోచును? ఇక నెత్తురు తీయునప్పుడు పిడికిలి పదేపదే బిగించినను, సూదిలో ఎఱ్ఱకణములు చిట్లినను, నెత్తురు గడ్డకట్టకుండ ఊదామూత నాళికలో ఉంచు మందు పొరపాటున తగిలినను పొటాషియము అబద్ధముగా పెరుగును. ఆ ఊదామూత పొరపాటులో కాల్షియము కూడ అబద్ధముగా తఱుగును. ఒక్క సంఖ్యను చూచి గుండెలు బాదుకొనక, మరల తీయించి చూచుట మేలు.

డబ్బాల మీద అచ్చైన లెక్కయే నిజమని నమ్ముటకును వీలులేదు. 2008లో అమెరికాలో ఒక ద్రవరూపపు బలము మందులో తయారీదారు చేసిన తప్పు వలన సెలీనియము చీటీ మీద వ్రాసినదానికి 200 రెట్లు పడగా, పది రాష్ట్రములలో 201 మంది జబ్బుపడిరి; వారిలో చాలమందికి జుట్టు రాలినది, గోళ్ళు చెడినవి. మన దేశమున ఇట్టి సరకులకు 2016లో ఆహార భద్రతా సంస్థ నియమములు ఏర్పరచి, "ఔషధముగా వాడుటకు కాదు" అని చీటీ మీద అచ్చువేయవలెనని కట్టడి చేసినది. ఆ వాక్యము ప్రజలను కాపాడుటకే పుట్టినది; కాని చదువరి దానిని ఇది మందు కాదను భరోసాగా స్వీకరించుచున్నాడని నా యనుభవము.

నాకు గల మనస్తాప మొక్కటే. నగరములలోను పల్లెలలోను నెత్తురు తీయుచోట నేను చూచిన ప్రతి ఫారములోను పేరు, వయసు, లింగము, డాక్టరు పేరు, పరగడుపా కాదా అని యున్నవి. మీరేమేమి మ్రింగుచున్నారు, చివరిసారి ఎప్పుడు అను రెండు పంక్తులు లేవు. లక్షల రూపాయల యంత్రము కొన్నవారికి ఆ రెండు పంక్తుల సిరా భారమా? వైద్యులకు తీరిక లేదందురు. నిజమే, కాని తీరికలేని చోటనే ఫారము పనికివచ్చును.

అత్తగారికి సెలైను ఎక్కించి, ఎముకలనుండి సున్నము కరగకుండ ఆపు ఇంజెక్షను నొకటి ఇచ్చి, పొట్లములన్నియు మాన్పించిరి. మాట రెండవ వారమున తేటపడినది. కాల్షియము హద్దులోనికి వచ్చుటకు నెలన్నర పట్టినది; క్రొవ్వులో నిలిచిన విటమిన్ డి దిగుటకు మఱి కొన్ని నెలలు పట్టినవి. ఇంటికి వచ్చిన మఱునాడే ఆమె గీతల నోటుపుస్తకమొకటి తెప్పించుకొని, స్కేలుతో నాలుగు గడులు గీచి, తేది, మందు, గంట, ఎందుకు అని తలకట్టులు వ్రాసినది. వైద్యులు మరల సన్నపాటి మోతాదున మొదలుపెట్టించిన కాల్షియము బిళ్ళకును, కషాయమునకును, ఉప్పు పొట్లము మార్చిన దినమునకును అందులో చోటున్నది.

గత మాసమున మరల నెత్తురిచ్చుటకు ఆమెను నేనే తీసికొనిపోతిని. చేతికి రబ్బరుపట్టీ కట్టుచున్న కుఱ్ఱవాడు "పరగడుపేనా అమ్మా?" అని యడిగెను. ఆమె సంచిలోనుండి పుస్తకము తీసి, కండ్లజోడు సవరించుకొని, "నిన్న రాత్రి ఎనిమిదిన్నరకి కాల్షియం బిళ్ళ ఒకటి. తెల్లారి నించి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. రాసుకో నాయనా" అన్నది. కుఱ్ఱవాడు ఫారమును ఇటు త్రిప్పి అటు త్రిప్పి చూచెను. ఎచ్చటను చోటు లేకపోవుటచే, అంచున, ఆమె పేరు ప్రక్కన, పెన్నుతో నిలువుగా వ్రాసికొనెను.